పెన్నమ్మ పుట్టింట్లో తెల్ల వైన్

మొదటి రోజు, శుక్రవారం

నెల్లూరులో రాత్రి బస్సెక్కేటప్పుడు నా చేతిలో రెండు సంచులున్నాయి. ఒకదాంట్లో బట్టలు, రెండోదాంట్లో అమ్మ చేసిన కొరమీను పులుసు. స్టీలు డబ్బా మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, పైన గుడ్డ కట్టి, "పడుకోబెట్టమాకు, నిలబెట్టే ఉంచు" అని నాలుగుసార్లు చెప్పింది. చేపల పులుసు మా ఇంట్లో చేసిన రోజు తినరు. రాత్రంతా ఊరి, ముక్కలోకి పులుపు దిగితేనే దాని రుచి దానికి వస్తుంది. అందుకే ప్రయాణానికి ఇంతకంటే అనువైన కూర లేదు. అక్క బెంగళూరు చేరి పదకొండేళ్ళయింది, ఈ డబ్బా రాకపోకలు మాత్రం ఆగలేదు.

ఈసారి డబ్బాకి ఇంకో పని కూడా ఉంది. అది అమ్మకి చెప్పలేదు.

ఆమధ్య ఒక సాయంత్రం ఏమీ తోచక ఫోన్‌లో మ్యాప్ తెరిచి, పెన్నా నది మీద వేలు పెట్టి వెనక్కి జరుపుకుంటూ పోయాను. నెల్లూరు, సోమశిల, గండికోట, హిందూపురం పక్కలు, గౌరిబిదనూరు. చివరికి వేలు నంది కొండల దగ్గర ఆగింది. చుట్టూ చూస్తే అక్కడక్కడా ద్రాక్షతోటలు, వైన్ తయారీ కేంద్రాలు. అప్పుడు పుట్టింది ఈ పిచ్చి ఆలోచన: మా నది పుట్టినచోట చేసే తెల్ల వైన్, మా నది సముద్రంలో కలిసేచోట చేసే పులుసు, రెండూ ఒకే పూట ఒకే బల్ల మీద పెడితే ఎట్టుంటుంది?

మొగిలి ఘాట్ మలుపుల్లో డబ్బా కొంచెం కారింది. పెద్దగా కాదు, రెండు చెంచాలు. కానీ ఏసీ బస్సులో రెండు చెంచాల చేపల పులుసు అంటే మాటలా? ముందు సీటాయన నిద్రలోనే ముక్కు ఎగబీల్చి, వెనక్కి తిరిగి, "కొరమీనా?" అని అడిగాడు. అవునన్నాను. "నెల్లూరోళ్ళు" అని మళ్ళీ పడుకున్నాడు.

మారతహళ్ళిలో దిగేసరికి ఆరున్నర. బావ బండి మీద వచ్చాడు. మధ్యాహ్నమంతా నిద్రపోయాను, దాని గురించి రాయడానికేమీ లేదు.

సాయంత్రం బావా నేనూ వైన్ షాపుకి వెళ్ళాం. నేనడిగింది సావిన్యాన్ బ్లాంక్ అనే ద్రాక్షతో చేసే తెల్ల వైన్. షాపు కుర్రాడు కిటికీ పక్క అరలోంచి ఒక సీసా తీసిచ్చాడు. పడమటి ఎండ నేరుగా దాని మీదే పడుతోంది, పట్టుకుంటే వెచ్చగా తగిలింది. లేబుల్ మీద సంవత్సరం చూస్తే నాలుగేళ్ళ నాటిది. ఎర్ర వైన్ల విషయంలో పాతబడితే బాగుంటుందన్న మాట కొంతవరకు నిజమే గానీ, ఈ రకం తెల్ల వైన్‌కి అది పనికిరాదు. దీనికి ఉన్నదంతా తాజాదనమే. ఏడాది రెండేళ్ళలో తాగేయాలి, ఎండ తగలనీయకూడదు. కొత్త సంవత్సరంది, లోపలి చల్ల అరలోది కావాలని పట్టుబట్టి తీసుకున్నాను. వెయ్యి రూపాయల లోపే.

"ఏం పేరన్నావు బామ్మర్దీ?" అన్నాడు బావ.

"సావిన్యాన్ బ్లాంక్."

"సావిత్రి అందాం, నోరు తిరుగుతుంది."

ఆ క్షణం నుంచి నేను తిరిగి బస్సెక్కేదాకా ఆ ఇంట్లో దాని పేరు సావిత్రే.

బావ విస్కీ మనిషి. గ్లాసులో మూడు ఐసు ముక్కలు వేసుకుని వచ్చాడు. ఐసు కరిగితే రుచి పలచబడుతుంది బావా, సీసానే ఫ్రిజ్‌లో పెట్టి, తాగే ముందు పావుగంట బయట ఉంచితే చాలు, ఎనిమిది నుంచి పది డిగ్రీల మధ్య ఉంటుందని చెప్పాను. మరీ చల్లగా ఉంటే వాసన బయటికి రాదు. ఆయన నా మొహం చూసి, ఐసు ముక్కలు నోట్లో వేసుకుని నమిలేశాడు.

అక్క తాగదు. కానీ మా ఇంట్లో ముక్కంటే అక్క ముక్కే. పాలు విరిగే ముందురోజే చెప్పగలదు. గ్లాసులో రెండు గుక్కలంత పోసి ఇచ్చాను, వాసన చూసి చెప్పమని. స్టవ్ కట్టేసి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, గ్లాసు తీసుకుంది. లేత గడ్డి రంగు, అంచున కాస్త పచ్చ. ఒకసారి పీల్చింది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ పీల్చింది.

"క్యాప్సికం. కోసేటప్పుడు తొడిమ దగ్గర వస్తుంది చూడు, అది." ఆగి, గ్లాసు కొంచెం తిప్పి, "దోరజామకాయ కూడా ఉందిరా. మగ్గింది కాదు" అంది.

నాకు ఒళ్ళు జలదరించింది. పుస్తకాల్లో సావిన్యాన్ బ్లాంక్ గురించి మొదట రాసే మాటలు అవే. క్యాప్సికంలో ఆ పచ్చి వాసన తెచ్చే పైరజీన్ అనే పదార్థమే ఈ ద్రాక్షలోనూ ఉంటుంది. లీటరు నీళ్ళలో గ్రాములో వంద కోట్లో వంతులు రెండు మూడు ఉన్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. కాయకి ఎండ ఎక్కువ తగిలితే అది తగ్గుతుంది. జామకాయ వాసన సంగతి వేరు. పండులో ఉన్నప్పుడు దానికి సంబంధించిన పదార్థాలకి వాసనే ఉండదు, పులిసేటప్పుడు ఈస్టు వాటిని విడగొడితేనే బయటపడుతుంది. ఇదంతా అక్కకి చెప్తే, "అయితే నా ముక్కు బాగానే ఉందన్నమాట" అని మళ్ళీ స్టవ్ వెలిగించింది.

బావ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "ద్రాక్షరసానికి కోపమొచ్చినట్టుంది."

రెండో రోజు, శనివారం

నంది కొండ మీద సూర్యోదయం చూడలేదు. శనివారం తెల్లారుజామున అక్కడికి పోయేది సూర్యుణ్ణి చూడటానికి కాదు, ముందు కారు వెనక ఎర్రలైట్లు చూడటానికి అని బావ సిద్ధాంతం. 1478 మీటర్ల ఎత్తు, పైన టిప్పు కాలం నాటి కోట, అవన్నీ ఇంకోసారి.

మేం ముగ్గురం ఏడింటికి బయల్దేరాలనుకున్నాం. వైన్ రుచి చూడటానికి పోతున్నాం కాబట్టి సొంత కారు వద్దని క్యాబ్ మాట్లాడాను. మొదటి డ్రైవర్ గేటు దాకా వచ్చి క్యాన్సిల్ చేశాడు. రెండోవాడు డబ్బులు నగదుగా ఇస్తారా అని అడిగి, సరేనన్నాక కూడా రాలేదు. మూడోవాడు దొరికేసరికి ఎనిమిదిన్నర. హెబ్బాళ దాటడానికి పట్టిన సమయంలో నేను చిన్న కునుకు తీశాను.

ముందు కొండ కింద నంది గ్రామంలో భోగనందీశ్వరుడి గుడికి వెళ్ళాం. తొమ్మిదో శతాబ్దంలో నొళంబులు మొదలుపెట్టారు. తర్వాత చోళులు, హొయసళులు, విజయనగరం వాళ్ళు ఎవరి వంతు వాళ్ళు కలిపారు. ఉమామహేశ్వరుల మంటపంలో నల్లరాతి స్తంభాల మీద చిలకలూ లతలూ ఎంత సన్నగా చెక్కారంటే, అక్క చీర అంచులకి ఫోటోలు తీసుకుంది. మెట్ల కోనేరు దగ్గర కూర్చుంటే ఎదురుగా కొండ కనిపిస్తుంది.

"పెన్న ఎక్కడ?" అంది అక్క.

ఆ వరసలోనే చెన్నకేశవ కొండ దగ్గర పుట్టిందని చూపించాను. ఫిబ్రవరి నెల, చూపించడానికి నీళ్ళేమీ లేవు. ఎండిన వాగులు, రాళ్ళు, తుమ్మచెట్లు. ఇక్కడ పుట్టి 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ కొండల్లోనే పుట్టిన దక్షిణ పినాకిని తమిళనాడు వైపు పోతుంది. అక్క కోనేటి నీళ్ళు నెత్తిన చల్లుకుని, "పుట్టిల్లు ఇంత ఎండిపోయి ఉంటే పాపం దారిపొడుగునా ఎవరెవరు నీళ్ళిచ్చారో" అంది. చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు అని నేను లెక్క చెప్పాను. చిత్రావతి, పాపాఘ్ని కూడా ఈ చుట్టుపక్కల పుట్టినవే. ఈ కొండలు చూడ్డానికి ఎండుకొండలు గానీ సంతానం పెద్దది.

వైనరీ పేరు రాయను, రాస్తే ప్రకటనలా ఉంటుంది. దొడ్డబళ్ళాపుర వైపు ఉంది, అంతవరకు చాలు. పదకొండింటి బ్యాచ్ వెళ్ళిపోయింది, పన్నెండున్నర దాకా చెట్టు కింద కూర్చోబెట్టారు. ఒకందుకు మంచిదే అయింది. రెండో బ్యాచ్‌లో మేమూ ఒక కొత్తజంటా తప్ప ఎవరూ లేరు. గైడ్ అమ్మాయిది బాగేపల్లి. మొదట ఇంగ్లీషులో మొదలుపెట్టింది. బావ "సావిత్రి తోట ఏదమ్మా?" అనగానే పకపకా నవ్వి తెలుగులోకి దిగిపోయింది. ఆ ప్రాంతంలో చాలా ఇళ్ళల్లో తెలుగే.

తినే ద్రాక్ష పందిరి మీద పారుతుంది, మనందరం చూసిందే. వైన్ ద్రాక్ష అట్లా కాదు. రాతి కూసాలకి తీగలు లాగి, నిలువుగా కంచె కట్టినట్టు వరసలు. మధ్యలో నడిచిపోవచ్చు. నేల ఎర్రగా, గరుకుగా, నీరు నిలవకుండా ఉంది. ఆ పొద్దున కోత అయిపోయింది. తెల్ల ద్రాక్షని ఎండెక్కక ముందే కోసేస్తారు, వేడెక్కితే వాసన పోతుందని. మిగిలిపోయిన ఒక చిన్న గుత్తి ఆ అమ్మాయి తుంచి ఇచ్చింది. శనగగింజ కంటే కొంచెం పెద్ద కాయలు, మందమైన తొక్క, రెండేసి గింజలు. నోట్లో వేసుకుంటే ముందు చక్కెరలా తీపి, వెంటనే దవడ వెనక లాగే పులుపు. అనాబ్‌షాహీ తిని పెరిగినవాళ్ళకి ఇది ద్రాక్షలా అనిపించదు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యమనిపించింది కత్తిరింపుల సంగతి. ఈ ద్రాక్షది ఫ్రాన్స్. లువార్ లోయలో సాన్సేర్, పుయీ సుర్ లువార్ అనే ఊళ్ళు, ఇటు బోర్డో ప్రాంతం దీని నివాసాలు. అక్కడ చలికాలం ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో చిగురేస్తుంది. ఈ తోట ఉన్నది 13 డిగ్రీల అక్షాంశం మీద. చలి రాదు, తీగకి నిద్రపోవాలనే తెలియదు. వదిలేస్తే ఏడాది పొడుగునా ఆకులేసుకుంటూనే ఉంటుంది. అందుకని కోతయ్యాక, ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి కత్తిరిస్తారు. ఆ పెరుగుదలలో కొమ్మ ముదురుతుంది, వచ్చే పంటకి మొగ్గ లోపల కట్టుకుంటుంది. వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్ళీ కత్తిరిస్తారు. ఆ చిగురుకి పూత వస్తుంది, ఫిబ్రవరి మార్చిల్లో కాయ. ఒకే పంటకి రెండు కత్తిరింపులు.

"మరి ఈ ఎండలో పులుపు ఎట్లా నిలుస్తుంది?" అన్నాను.

"రాత్రుళ్ళు సార్" అంది. తొమ్మిది వందల మీటర్ల ఎత్తు కాబట్టి పగలు ముప్ఫై దాటినా రాత్రి పదిహేను, పదహారుకి పడుతుంది. కాయలో ఉండే మాలిక్ ఆమ్లం, అంటే యాపిల్‌లో ఉండే పులుపు, వేడి రాత్రుళ్ళలో కాయ శ్వాసకే ఖర్చయిపోతుంది. రాత్రి చల్లబడితే ఆ ఖర్చు తగ్గుతుంది. మా నెల్లూరులో ఇదే తీగ నాటితే చక్కెర తప్ప ఇంకేమీ మిగలదన్నమాట.

తెగుళ్ళ మాట వచ్చినప్పుడు బోర్డో మిశ్రమం అంది. నేను ఉలిక్కిపడ్డాను. మైలుతుత్తం, సున్నం కలిపి మా పెదనాన్న గూడూరు నిమ్మచెట్లకి కొట్టడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. బోర్డో అనేది ఊరని, 1880ల్లో అక్కడి ద్రాక్షతోటల బూజు తెగులు కోసం పుట్టిన మందని, ఈ సావిత్రిది ఆ ఊరేనని ఆ వరసల మధ్య నిలబడి తెలుసుకున్నాను. పెదనాన్న దాన్ని "బోడో మందు" అంటాడు.

లోపల ఫ్యాక్టరీ చల్లగా ఉంది. ఎర్ర వైన్‌ని తొక్కలతో కలిపి పులియబెడతారు, రంగు దిగడానికి. తెల్ల వైన్‌కి ముందే పిండేసి, తొక్కలు తీసేసి, తేరిన రసాన్ని మాత్రమే పులియబెడతారు. స్టీలు ట్యాంకుల చుట్టూ చల్లటి నీరు తిరిగే కవచాలు. రసం పులిసేటప్పుడు దానంతటదే వేడెక్కుతుంది, దాన్ని పన్నెండు నుంచి పదహారు డిగ్రీల మధ్య పట్టి ఉంచుతారు. గబగబా పులిస్తే వాసన గాలిలో కలిసిపోతుందట. మన దోసెపిండి ఎండాకాలం రాత్రికి రాత్రే పొంగి పుల్లబడి కంపుకొట్టడం, చలికాలంలో నిదానంగా పులిసి కమ్మగా ఉండటం లాంటిదే.

చివర్లో ఒక ఖాళీ ట్యాంకు దగ్గర ఆగి, లోపలి గోడ నుంచి గీకిన పొడి ఒక గాజుగిన్నెలో చూపించింది. గళ్ళుప్పు చితక్కొట్టినట్టుంది, మిలమిలా మెరుస్తోంది. వైన్‌ని బాగా చల్లబరిస్తే అందులోని టార్టారిక్ ఆమ్లం కొంత పొటాషియంతో కలిసి ఇట్లా గట్టిపడి గోడకి అంటుకుంటుంది. సీసాలో అడుగున కనిపించినా భయపడక్కర్లేదంది.

"నాలిక మీద వేసుకోవచ్చా?" అక్క అడిగింది.

చిటికెడు వేసుకుంది. చప్పరించింది. నా వైపు తిరిగి, "చింతపండురా!" అంది.

గైడ్ అమ్మాయి చప్పట్లు కొట్టింది. చింతపండు పులుపు అదే టార్టారిక్ ఆమ్లం. పళ్ళల్లో సాధారణంగా ఉండేది నిమ్మ పులుపో యాపిల్ పులుపో. టార్టారిక్ ఇంత దండిగా ఉండేవి ద్రాక్ష, చింత, ఇంకొన్ని మాత్రమే. నేను కొంచెం వేసుకున్నాను. నిజమే, చింతపండు రసం తీశాక చేతికి మిగిలే ఆ రుచే, కాకపోతే మెత్తగా. ఫ్రిజ్‌లో ఉన్న అమ్మ పులుసు గుర్తొచ్చింది. ఒకే పులుపు రెండు దారుల్లో వచ్చిందే, ఇంక కలవకపోవడం ఏముందనుకున్నాను. ఆ ఉత్సాహం ఎంతసేపు నిలిచిందో రేపటి భాగంలో.

నా పథకం విని ఆ అమ్మాయి కొంచెం మొహమాటపడింది. "సార్, పళ్ళెంలో పులుపు గ్లాసులో పులుపు కంటే ఎక్కువైతే వైన్ చప్పబడిపోతుంది. కారం సంగతి మీకు తెలుసు కదా." కావాలంటే కొంచెం తీపి మిగిల్చిన చెనిన్ బ్లాంక్ అనే ఇంకో రకం తెల్ల వైన్ తీసుకెళ్ళమంది. అది కూడా లువార్ లోయదే. అమ్మకానికి చెప్తోందని బావ చెవిలో అన్నాడు. అయినా తీసుకున్నాను.

ఈ చుట్టుపక్కల ఈ వైన్ కథకి ఆద్యుడు కన్వల్ గ్రోవర్. ఫ్రాన్స్‌కి రాకపోకలున్న వ్యాపారి, షాంపేన్ ప్రాంతానికి చెందిన జార్జ్ వెసెల్ అనే నిపుణుడితో కలిసి ఏళ్ళ తరబడి రకాలు పరీక్షించి, 1988లో దొడ్డబళ్ళాపుర దగ్గర తోట మొదలుపెట్టాడు. తర్వాత బోర్డో నుంచి మిషెల్ రోలాఁ సలహాదారుగా వచ్చాడు. కర్ణాటక ప్రభుత్వం 2007లో వైన్‌కి ప్రత్యేక విధానం తెచ్చింది. పక్కనే ముద్దేనహళ్ళి, విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఆయన ఇంటిపేరు మోక్షగుండం మన ప్రకాశం వైపుది. ఈ కొండల నుంచి నీళ్ళు మన వైపొస్తే, మన వైపు నుంచి మనుషులు ఇటొచ్చారు.

తిరిగొస్తుంటే రోడ్డు పక్క ఒక రైతు బుట్టల్లో బెంగళూరు బ్లూ ద్రాక్ష పెట్టుకుని కూర్చున్నాడు. నల్లగా, బూడిద పూసినట్టు, దూరం నుంచే ఘాటుగా వాసన. భౌగోళిక గుర్తింపు ఉన్న రకం ఇది. రెండు కిలోలు కొంటూ మాటల్లో పెట్టాను.

"వైన్ ద్రాక్ష ఎందుకు వేయలేదు?"

"కంపెనీ వద్దంటే దాన్ని ఎవరు కొంటారు సామీ? చిన్న గుండ్లు, తోలు లావు. తినేదానికి కాదు. ఇదైతే కంపెనీ వద్దన్నా రోడ్డు మీద కూకోని అమ్ముకుంటా."

నీళ్ళెట్లా అంటే, బోరు "పదహైదు నూర్ల అడుగులు" దించినానని, అప్పుడు పడ్డదీ బొటనవేలంత ధార అని చెప్పాడు. ఐదారు నదులు పుట్టిన కొండ కింద నిలబడి ఆ మాట వినడం ఏదోలా ఉంది.

మూడో రోజు, ఆదివారం

పొద్దున్నే శివాజీనగర్ రస్సెల్ మార్కెట్. 1927 నాటి కట్టడం. ముందువైపు పూలు, పళ్ళు, లోపల చేపలు. ఒకే దుకాణంలో ఉర్దూ, తమిళం, కన్నడం, తెలుగు ఒక వాక్యంలోనే వినిపిస్తాయి. వంజరం అడిగితే "అంజల్" అని చూపించాడు, కన్నడ వాళ్ళ మాట. మొప్పలు ఎత్తి చూసి, బొటనవేలితో నొక్కి, అక్క కిలోకి వంద తగ్గించింది.

ఆమె ముక్కలకి ఉప్పు, పసుపు, మామూలులో సగం కారం, అల్లం, కొంచెం కొత్తిమీర నూరి పట్టించింది. సగం కారం అన్నందుకు బావ నిరసన తెలిపాడు. గుంటూరు మనిషి, ఇంట్లో గోంగూర మాంసం కూడా ఉండాలని పట్టుబట్టి పక్క సందులోని ఆంధ్రా మెస్ నుంచి తెప్పించాడు.

వంటయ్యేలోగా వంటింట్లో నిలబడే మొదటి పరీక్ష చేశాను. పిల్లల కోసం చేసిన దద్దోజనం. ఫ్రాన్స్‌లో సాన్సేర్ చుట్టుపక్కల మేక పాల జున్నుతో ఈ వైన్ తాగుతారు. ఆ జున్ను పుల్లగా, కమ్మగా ఉంటుంది కాబట్టి. మనకి పుల్లటి కమ్మదనం అంటే పెరుగే కదా. ఒక ముద్ద, ఒక గుక్క. అల్లం, కరివేపాకు, మిరియం, వెనకే ఆ పచ్చి జామ వాసన. చాలా బాగుంది, నిజంగా. కానీ చేపలు తినే పూట పెరుగు జోలికి రావద్దని అక్క గిన్నె లాగేసుకుంది. అమ్మ దగ్గర నేర్చిన నియమం, వైన్ కోసం సడలదు.

ఒంటిగంటకి కూర్చున్నాం. మూడు రాత్రులు ఊరిన పులుసు. మూత తీయగానే మెంతిపొడి, పచ్చిమామిడి, నువ్వులనూనె వాసన హాలు దాకా వెళ్ళింది. వేడన్నంలో పులుసు కలిపి, ముక్క విరిచి, తొలికాపు మామిడిబద్ద ఒకటి పక్కన పెట్టుకుని ఒక ముద్ద తిన్నాను. రుచి గురించి చెప్పను, నెల్లూరు వాళ్ళకి అక్కర్లేదు, మిగతావాళ్ళకి నా మాటలు చాలవు. మింగి, గ్లాసెత్తి ఒక గుక్క.

నీళ్ళు. అంతే. సావిత్రి ఎక్కడికి పోయిందో తెలియదు. క్యాప్సికం లేదు, జామ లేదు, చివరికి పులుపూ లేదు. నాలిక మీద సన్నటి చేదు, దాని వెనక గొంతులో భగ్గుమని మంట. కారాన్ని పసిగట్టే నాడులే ఆల్కహాల్ మంటని కూడా పసిగడతాయి. చింతపండు ముందు గ్లాసులో ఉన్న ఆ కాస్త టార్టారిక్ ఎంత! ఒకే ఆమ్లం కాబట్టి కలుస్తాయనుకున్నాను. ఒకే వృత్తివాళ్ళని పక్కపక్క షాపుల్లో పెడితే కలుస్తారా?

"ఏమైందిరా, మొహం అట్టా పెట్టావు?" అంది అక్క.

"బాగాలేదక్కా."

"పులుసా?" గొంతు మారింది.

"వైనక్కా."

ఊపిరి పీల్చుకుంది. బావ గోంగూర మాంసంతో ప్రయత్నించి, వైన్‌ని సీసాలోకి తిరిగి పోసేయొచ్చా అని అడిగాడు.

తర్వాత వంజరం వేపుడు. పెనం మీద నుంచి దిగిన ముక్క, అంచులు కరకరలాడుతూ, మధ్యలో తెల్లగా పొరలు పొరలుగా. నేను ఊరి నుంచి తెచ్చిన గూడూరు నిమ్మకాయ సగం కోసి పిండాను. ఒక ముక్క, ఒక గుక్క. ఈసారి వైన్ ఎక్కడికీ పోలేదు. పైగా నూనె జిడ్డుని కడిగేసి, చేప తీపిని పైకి తెచ్చింది. నిమ్మ, కొత్తిమీర, పచ్చి జామ ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని కూర్చున్నాయి. నేనేమీ అనలేదు. బావ రెండో ముక్క తీసుకున్నాడు, రెండో గుక్క తాగాడు, మూడో ముక్కకి తనే నిమ్మకాయ పిండుకున్నాడు. సీసా సగానికి దిగాక, "ఫర్లేదు సావిత్రి, నటించగలదు" అన్నాడు.

పులుసుని అంత తేలిగ్గా వదలబుద్ధి కాలేదు. ఆ బాగేపల్లి అమ్మాయి ఇచ్చిన చెనిన్ తీశాను. కొద్దిగా తీపి, ఆల్కహాల్ కూడా కొంచెం తక్కువ. పులుసన్నం తిని తాగితే మంట సద్దుమణిగింది, వైన్‌లో పండు రుచి కూడా కొంత నిలబడింది. గొప్పగా ఉందనను. పప్పుపులుసులో బెల్లం ముక్క చేసే పనే ఇది చేసింది. పులుసుకి వైన్ అవసరం లేదు, అది వేరే మాట. అన్నం మీద ఇంకో గరిటె పులుసు పోసుకుని, గ్లాసు పక్కకి జరిపి, మంచినీళ్ళతో భోజనం పూర్తి చేశాను.

రాత్రి బస్సుకి బయల్దేరేటప్పుడు అక్క డబ్బా కడిగి తెచ్చింది. వంటింట్లోకి వెళ్ళి, ఖాళీగా పంపకూడదని ఏదో నింపి, మళ్ళీ గుడ్డ కట్టింది.

నాలుగో రోజు, సోమవారం

తెల్లారుజామున నెల్లూరు. అమ్మ గుమ్మంలోనే డబ్బా అందుకుంది.

"పులుసెట్టుండింది?"

బాగుందన్నాను. ఆదివారం మధ్యాహ్నానికి అడుగంటా ఊడ్చేశామన్నాను. మిగతాది కూడా కొంచెం కొంచెం చెప్పాను. చేపల వేపుడు, నిమ్మకాయ, సావిత్రి. "తాగేదానికి నా పులుసే దొరికిందా మీకు" అంది, కోపంగానే.

గుడ్డ విప్పి మూత తీసింది. నిండా బెంగళూరు బ్లూ ద్రాక్ష. పెన్న పుట్టినకాడ కాసినవని చెప్తే ఒకటి తీసి కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. గుజ్జు మింగి, తొక్క కాసేపు నమిలి, దొడ్లోకి ఉమ్మేసి వచ్చింది.

"తోలు బాగా పుల్లగుంది. ఎండుమిరపకాయలేసి పచ్చడి నూరొచ్చు" అంది.